సరిపోయింది

పంటకోత సీను ఏప్రిల్లో తీశాం.
కాఖేతీ తోటల్లో తీగలకి అప్పుడప్పుడే చివుళ్లు.
మైనం కరిగించి గుత్తులు పోసి, నల్లదారంతో వేలాడదీసి,
ఎండ ముదిరి అవి కారిపోయేలోపు
షాటు తీయాలని ఒకటే పరుగు.
గుత్తులు కుదిరాయి గానీ
గోడ వెనక పీచు చెట్టు మా మాట వినలేదు.
ఒళ్లంతా పూలు.
సినిమాలో అది పద్దెనిమిది వందల నలభై, అక్టోబరు.
ఆ చెట్టొక్కటే వసంతంలో ఉండిపోయింది.

అరవయ్యేళ్లయింది.
ఇవాళ త్బిలిసిలో, అదే పాత హాల్లో, కొత్త ప్రింటు.
ముందువరసలో కుర్రాళ్లు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు:
జంటగొట్టాల పిస్తోలు ఐదుసార్లు పేలింది.
కొండ నెత్తిన విమానం పొగగీత.
కొమ్ములో వైను తాగేకొద్దీ పెరిగింది.
నవ్వారు. నేనూ నవ్వాను.
మనవరాలు కేతో మోచేత్తో పొడిచింది:
"బెబో, ఇవి చూసుకోవడమేగా నీ ఉద్యోగం?"

అదే. కంటిన్యుటీ.
మెడలో స్టాపువాచీ, ఒళ్లో గళ్ల పుస్తకం, చెవి మీద పెన్సిలు.
కోటుకి బొత్తాలెన్ని, కొవ్వొత్తి ఎంత కాలింది,
గడప దాటిన కాలు ఏది...
ప్రపంచం నిన్న వదిలేసిన చోటే
ఇవాళ మొదలయ్యేట్టు చూడటం నా పని.

కొమ్ము సంగతి చెప్తాను.
నిండిన కొమ్ము కింద పెడితే ఒలికిపోతుంది, తాగాల్సిందే.
మా హీరో నూగ్జార్ ప్రతి టేకుకీ తాగాడు. నిజం వైనే.
పద్నాలుగో టేకుకి ఎదురుగా ఉన్న మంచుకొండతో
వియ్యమందే ఖాయం చేసుకున్నాడు.
నాలుక మడతపడని ముక్కలేరి ఎడిటరు అతికాడు.
వరస పోయింది. తప్పు నాది కాదని
పుస్తకంలో ఉంది, తేదీతో సహా.
విమానం తప్పు నాదే. తలొంచుకుని రాసుకుంటున్నాను.
పీచు చెట్టు తప్పు దేవుడిది.

"అదిగో, వేలు చూడు!" అన్నాడు ముందువరసలో ఒకడు.

యాభై రెండో నిమిషం. జాడీ వంచే చెయ్యి, బాగా దగ్గరగా.
నాలుగు సెకన్లు.
ఉంగరపు వేలు ఒక కణుపు పొట్టి.
ముందూ వెనకా షాట్లలో నూగ్జార్‌వి నిండు వేళ్లు.

ఆ పొద్దున నూగ్జార్ మంచం దిగలేదు.
లైట్లు మోసే బిద్జీనాని పిలిచి చొక్కా తొడిగారు.
కెర్చ్ దగ్గర, యుద్ధంలో, మంచు కొరికేసిన వేలు.
ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండేది,
నాకు రొట్టె తుంచి ఇచ్చేటప్పుడు తప్ప.
డైరెక్టరు నా వంక తిరిగాడు: "సరిపోయిందా?"
రాశాను: సరిపోయింది.
ముప్పయ్యేళ్ల కొలువులో
తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

ఆ చలికాలమే రుస్తావి రోడ్డు మీద లారీ బోల్తా పడింది.
ఫోటో కోసం వెతికాం.
లైటు వెనక నిలబడే మనిషికి ఫోటో ఎక్కడిది.

పోయినేడు ప్రింటు బాగుచేసే పిల్ల ఇంటికొచ్చి
మర్యాదగా అడిగింది:
"పొగగీత చెరిపేసి, ఆ వేలు కాస్త పొడిగించమంటారా?
నిమిషం పని."
టీ చల్లారిపోయేదాకా నేను మాట్లాడలేదు.
"గీత నీ ఇష్టం," అన్నాను.
ఆ గీతనీ ఎందుకో ఉంచేసింది.

నాకు ఒక్కటే తేలలేదు.
ఆ రీలులో నూగ్జార్ బుగ్గ మీది గాటు
ఉన్నట్టుండి పక్క మారుతుంది.
ఎడిటరు ముక్క తిరగేసి అతికాడన్నమాట.
మరి చేతి షాటు? అదీ తిరగబడిందా?
రాత్రి పుస్తకం తీశాను.
చొక్కా మడత ఉంది, జాడీ పగులు ఉంది,
వైను ఎన్ని వేళ్ల లోతో కూడా ఉంది.
ఏ చెయ్యో లేదు.

చీకట్లో రెండు చేతులూ ఒళ్లో తెరిచిపెట్టుకుని
రొట్టె ముక్క ఏ పక్కనుంచి వచ్చేదో
గుర్తు తెచ్చుకోబోతున్నాను.
హాల్లో లైట్లు వేశారు.