నడుము లోతు

మ్సింబాజి వాగు పక్క సందులో
మ్వనైది గోడకు ఆనుకుని నిలబడింది.
"ఎంతదాకా వచ్చాయి నీళ్లు?"
నడుం మీద చెయ్యేసి చూపించింది.
టేపు పట్టాను: తొంభై ఆరు సెంటీమీటర్లు.
ఫోన్లో చుక్క పెట్టాను.

రేపటికి ఆ చుక్క అందరి సొత్తు.
రుసుం లేదు, అడిగేవాడు లేడు,
ఏ దేశంవాడైనా దించుకోవచ్చు
దార్ ఎస్ సలామ్‌ని, సందులతో సహా,
వరద ఎక్కిన మేర నీలం పూసి.

పోబోతుంటే పిలిచింది.
ఆ ఎత్తుకి జానెడు కింద,
నీళ్లు చెరిపితే మళ్లీ దిద్దిన బొగ్గు గీత.
"మా సెఫూ. పోయిన రంజాన్‌కి కొలిచాను.
ఇదీ రాసుకో."

నా ఫారంలో దానికి గడి లేదు.
వేలితో తడిమాను, ఊరికే.

బస్సులో మ్యాపు తెరిస్తే
నీలం మీద నల్లటి మరక.
రెండు వేళ్లతో లాగాను:
సందు పెద్దదైంది, ఇల్లు పెద్దదైంది,
మరక అంతే ఉంది.