ఎనిమిది వందలు

బ్లేడుకు తాడేసి దూలానికి వేలాడగట్టి
స్పానరు పిడితో మెల్లంగా తట్టినాను.
మోగింది. చానాసేపు మోగింది.
చిట్లిన కుండ మాదిరి మూగగా పలకలేదు,
అంతవరకు మేలే.
కానీ అది ఎంత వేగం ఓర్చుకుంటాదో
చెప్పే అక్షరాలన్నిటినీ తుప్పు నమిలేసింది.
పీలేరులో సామిల్లు మూతపడినప్పుడు
తూకానికి కొనుక్కొచ్చినాడు మొగిలప్ప.
రెండడుగుల బ్లేడు, ముప్పై ఎనిమిది పళ్ళు.
యాడ పుట్టిందో, ఎన్ని మేకులు కొరికిందో
అడిగితే చెప్పే నోరు దానికి లేదు.

మిగతాదంతా నేను చేసిందే.
పాత మంచం యాంగిళ్ళు కాళ్ళయినాయి,
జీపు ఇరుసును సంతపేట నాగూరు సాయిబు
లేతు మీద తరిగిచ్చినాడు,
రెండు బేరింగులు, ఒక బెల్టు,
నిమిషానికి పద్నాలుగువందల నలభై తిరిగే మోటారు.

"మోటారు ఎంత తిరిగితే బ్లేడూ అంత తిరగనీ అన్నా,
కోసేదానికే కదా చేయించేది" అంటాడు మొగిలప్ప.
తోతాపురికి ధర లేదని కొట్టేసిన మామిడిమాన్లు
రెండు ట్రాక్టర్లు దించినారు వాని మండీలో.
కల్యాణమండపం వంటోళ్ళు తెల్లారకముందే ఫోను.

నేను బలపంతో రేకు మీద లెక్కేసినాను.
బ్లేడు ఒక్క చుట్టు తిరిగితే
అంచున పన్ను ఆరడుగుల పైన పరిగెత్తుతాది.
మోటారుతో సమానంగా తిప్పితే
గంటకు నూట అరవై అయిదు కిలోమీటర్లు,
ఉన్నచోటే.
చిత్తూరులో ఉన్న పన్ను
ఇరవై అయిదు నిమిషాల్లో తిరుపతిలో ఉంటాది,
వదిలితే.

యాదమరిలో ఒకటి వదిలింది.
పోయి చూసినాను.
మనిషికేం కాలేదు, ఆ వేళకు టీకి పోయినాడంట.
కప్పు రేకులో అరచేయంత కంత,
అవతల చింతమానులో నాలుగేళ్ళ లోతు దిగిన ముక్క
పీకితే రాలేదు.
మాను దాన్ని మింగతా ఉండాది,
ఏడాదికి ఇంత.

ఇంట్లో దేవకి మిషను తొక్కతానే విన్నది.
"దానికేంటికి ఇంత మథనం?
నా మిషను చూడు,
కింద పెద్ద చక్రం పైన చిన్నదాన్ని తిప్పతాది,
అందుకే సూదికి ఆ పరుగు.
నువ్వు తిరగేసి పెట్టు" అని
పంటితో దారం తెంచింది.

మోటారుకు అయిదంగుళాల పుల్లీ, బ్లేడుకు తొమ్మిది.
పద్నాలుగువందల నలభై
ఎనిమిదివందలై నిలబడింది.
అప్పటికీ తొంభై కిలోమీటర్లే,
బస్సుకన్నా జోరే.

మొదటిసారి బ్లేడుకు ఎదురుగా ఎవుర్నీ ఉండనీలేదు,
పక్కకు నిలబడి వెదురుకర్రతో స్విచ్చి నొక్కినాను.
పావుగంట ఉత్తగానే తిరిగింది.
బల్ల మీద గ్లాసులో నీళ్ళు
వణికినాయి, ఒలకలేదు.

మొగిలప్ప మొహం మాడిపోయింది.
"అరుపే లేదు కదప్పా దీనికి!
పుంగనూరులో మా బావమరిది మిషను
రెండూళ్ళకు వినిపిస్తాది."
దుంగ పెట్టినాను. ఎనుము గడ్డి నమిలినట్టు నమిలింది,
పొట్టు ముతక రవ్వ మాదిరి రాలింది.
సగంలో ముడి తగిలింది. బెల్టు జారింది. బ్లేడు ఆగింది.
నాకు కావలసిందీ అదే,
కోపమొస్తే బెల్టుకు రావాల, బ్లేడుకు రాగూడదు.

వచ్చేముందు మూత మీద
ఎర్ర పెయింటుతో పెద్దగా రాసినాను: 800.
పుల్లీ మార్చే బుద్ధి పుట్టినోడి కంట పడాలని.

నెల దాటినాక ఆ దారిన పోతే
గుడిపాల ఇటుకబట్టీ ఆయన
మూత ముందు నిలబడి బేరమాడతా ఉండాడు.
"క్వింటా ఎనిమిదొందలా? ఏడొందలకి రాదా?"
మొగిలప్ప నోరు తెరిచేలోగా
నేనే అనేసినాను:
"ఏడొందలకి దిగొచ్చు సామీ, ఆరొందలకీ దిగొచ్చు.
పైకి మాత్రం పోయేదే లేదు."

ఆ పొద్దు మొగిలప్ప నన్ను చూసిన చూపు
ఇంకా చల్లారలేదు.