నేలమాళిగలో కుర్చీ

ఈ ఏడు మా ఆఫీసుకి రెండొచ్చాయి.
ఒకటి గాజుది, నీటిబొట్టు ఆకారం,
వాననీటి పనికి.
రెండోది చెక్కది, మీద ఇత్తడి రేకు:
పనిచెయ్యడానికి మంచి చోటట.
రేకు మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పు.
ఎవరం ఫిర్యాదు చెయ్యలేదు.
హాల్వర్సన్ పెన్నుతో దిద్దాడు.

డలూత్ కొండవాలు ఊరు.
పైన పడ్డ ప్రతి చినుకూ
కింది సరస్సుకి బాకీ ఉన్నట్టు పరుగెత్తుతుంది.
నీరు పల్లమెరుగు అంటారే,
నలభై ఏళ్లుగా మా వీధుల్లో ఆ పల్లం పేరు
లెంపీ కివెలా గారి నేలమాళిగ.

మొదటిసారి వెళ్లినప్పుడు గోడ చూపించింది.
గోడ మీద పెన్సిలు గీతలు.
పిల్లల ఎత్తులనుకున్నాను.
"కాదు, వానల ఎత్తులు."
ఒక గీత పక్కన: కుట్టుమిషను.
ఒకదాని పక్కన: పెళ్లి ఫొటోలు.
అన్నిటికన్నా పై గీత పక్కన ఏమీ లేదు.
మేం అడగలేదు.

చెక్క బహుమతికి ముందు ఒక సర్వే కాగితం వచ్చింది.
ఆఫీసులో మీకు ఆప్తమిత్రులున్నారా?
ఒకటి నుంచి అయిదు దాకా, సున్నా చుట్టండి.
టూ గెర్ వాంగ్ ఆలోచించి మూడు చుట్టాడు.
హాల్వర్సన్ భార్య ఆసుపత్రిలో ఉన్న ఆరు వారాలు
తన మ్యాన్‌హోళ్లతో పాటు అతని మ్యాన్‌హోళ్లూ దిగినవాడు,
జనవరిలో.
ఆ కాగితంలో దానికి గడి లేదు.
అకౌంట్స్ డోరిస్, సర్వేయర్ రస్సెల్
రెండేళ్లుగా మాట్లాడుకోరు,
ఒక కల్వర్టు బిల్లులో ఆరంగుళాల తేడా గురించి.
ఇద్దరూ అయిదే చుట్టారు.

మూతబడ్డ బడి ఆటస్థలం తవ్వాం.
దోమలొస్తాయని ఒకాయన రోజూ కంచె దగ్గర నిలబడి తిట్టేవాడు.
నాలుగో వారం నుంచి కాఫీ తెచ్చి తిట్టాడు.
గులకరాళ్లు పోశాం, ఇసక పోశాం, తుంగ నాటాం.
నీటిని ఆపడానికి కాదు, బతిమాలడానికి:
కాసేపు కూర్చో, తొందరేముంది,
సరస్సెక్కడికీ పోదు.

బహుమతుల రాత్రి, హోటల్లో,
చల్లారిన కోడిమాంసం ముందు కూర్చున్నాం.
న్యాప్‌కిన్ల కింద ఫోన్లు, ఫోన్లలో రాడార్,
రాడార్‌లో పడమటినుంచి ఎర్రటి ముద్ద.
మొదట టూ గెర్ లేచాడు, బాత్రూముకన్నట్టు.
తర్వాత రస్సెల్. తర్వాత మేమంతా.
మా పేరు పిలిచేసరికి బల్ల దగ్గర డోరిస్ ఒక్కతే.
మైకు ముందు చెప్పిందట:
"మావాళ్లు వాన చూడ్డానికెళ్లారు."
హాలంతా నవ్వింది, జోకనుకుని.

తోలుబూట్లు బురదలో దిగబడ్డాయి.
నీరు వచ్చింది, వీధి చివరినుంచి,
ఆకులూ కప్పులూ ఎవరిదో చెప్పూ వెంటబెట్టుకుని,
మొహమాటం లేని చుట్టంలా.
కూర్చుంది.
తుంగ మోకాళ్లదాకా, నడుందాకా, మెడదాకా.
రస్సెల్ కొలకర్ర మీద టార్చి వేసి నిలబడ్డాడు.
అప్పుడొచ్చింది డోరిస్,
చంకలో గాజుబొట్టు, చేతిలో మా అందరి కేకుముక్కలు.
"ఎంత?" అంది.
రెండేళ్లలో మొదటి మాట.
"ఇంకా ఆరంగుళాలుంది" అన్నాడు.
ఇద్దరూ నవ్వలేదు.
మేమే అటు తిరిగి నవ్వుకున్నాం.

పదకొండుకి లెంపీ గారికి ఫోన్ చేశాను.
మొదటి రింగుకే ఎత్తింది.
"కిందే ఉన్నాను. కుర్చీ వేసుకుని కూర్చున్నాను.
రాలేదు."
వెనకాల ఏ చప్పుడూ లేదు.
"మీరు తడుస్తున్నారా?"
"తడుస్తున్నామండీ."
"ఇంటికెళ్లండి మరి."

గాజుబొట్టు ఇప్పుడు ప్లాటర్ గది తలుపుకి అడ్డం,
ఆ తలుపు దానంతటదే మూసుకుంటుంది.
ఆవిడ మాత్రం ఆ రాత్రి పైకెక్కలేదట.
ఊలు మేజోళ్లతో, చేతిలో పెన్సిలుతో
తెల్లారేదాకా అక్కడే.
నలభై ఏళ్ల భయం
ఒక్క వానకి ఇంకదు.