ళ

బస్సు కిటికీకి వేసే అక్రిలిక్ షీటు
అడుగున్నర కోయించుకొచ్చినా.
నంబరు ప్లేట్లు రాసే జయపాల్
నల్లరంగుతో దాని మీద అక్షరాలు రాసిచ్చినాడు.
దుడ్డు తీసుకోలా.

షీటుకు అటు మునికాంత, ఇటు నేను.
ఆమె చూపు ఏ అక్షరం మీద ఆగితే
దాన్ని నేను గట్టిగా పలకాల.
అవునంటే కళ్ళు పైకెత్తుతుంది, కాదంటే మూస్తుంది.
అక్షరాలు ఆమె వైపుకు సరిగ్గా, నా వైపుకు తిరగబడి.
పర్లేదు, ఇంజను కింద పండుకొని చదివే అలవాటే.

మురకంబట్టు బళ్ళో ఇరవైయేడేండ్లు
పిల్లోళ్ళ చేత దిద్దించిన టీచరమ్మ.
ఐదో తరగతిలో పారిపోయినోణ్ణి
ఇప్పుడు దొరకబట్టింది.

గుణింతాలకు చోటు లేదు. ఒత్తులకు అసలే లేదు.
గ, ఓ చూస్తే గో అనుకోవాల.
ఒత్తు నువ్వే పెట్టుకో అన్నట్టు చూస్తుంది.

మొన్న శుక్రవారం
గ. ఓ. ల.
గోలా?
కళ్ళు మూసింది.
గోల కాకుండా ఇంకేముంటుందని
టీవీ ఆపినా. ఫ్యాను ఆపినా.
వీధిలో గోలీలాడే పిల్లోళ్ళను తరిమినా.
మిక్సీ రొంతసేపు ఆపమ్మా అని
గోడ మీంచి షాహీనమ్మను బతిమాలినా.
ఇల్లంతా గమ్మునయింది.
ఆమె మాత్రం మళ్ళీ అదే.
గ. ఓ. ల.
కంటి కొస నుంచి నీరు చెవిలోకి జారింది.
తుడిచినా. అంతకు మించి తెలవలా.

సాయంత్రం ఫిజియో పిల్లోడు మదన్ వచ్చి
బిగుసుకున్న కుడిపిడికిలి ఒక్కో వేలూ తెరిచినాడు.
అరచేతిలో నాలుగు ఎర్ర నెలవంకలు.

గోళ్ళు.

పలకలో ళ లేదు.
జయపాల్ మరిచినాడు, నేను చూసుకోలా.
ఉన్న అక్షరాలతో లేని అక్షరాన్ని
ఎట్లా అడగతాది మనిషి?

గోళ్ళు తీసినా. పాత పంచె చించి, మెత్తగా చుట్టి
పిడికిట్లో పెట్టినా.
రాత్రి పదకొండుకు జయపాల్‌ను నిద్ర లేపి
ఆ అక్షరం రాయించుకొచ్చినా.
మూలన, రొంత ఇరుకుగా.

నీళ్ళు పల్చగా ఉంటే పొరబోతాయి,
రాగిజావ మాదిరి చిక్కగా కలపాల,
గడ్డం కిందికి వంచి మింగించాల,
రెండు గంటలకొకసారి పక్క మార్చాల.
వేలూరు డాక్టరమ్మ చెప్పినవన్నీ
క్యాలెండరు వెనక రాసుకున్నా.
ఈ జబ్బు వెనక్కి పోదని కూడా ఆమే చెప్పింది.
అది రాసుకోలా.

షెడ్డులో లారీ ఇంజన్లు ఎత్తే చైన్ పుల్లీని
ఇంటి దూలానికి బిగించినా.
టార్పాలిన్ కుట్టే ముసలాయన
మెత్తటి అంచులతో కాన్వాసు జోలె కుట్టిచ్చినాడు.
మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి నీళ్ళగదికి.
ఆరు సిలిండర్ల ఇంజనును గాల్లో వేలాడదీసి
బీడీ తాగినోణ్ణి,
నలభై కిలోలకు చేతులు వణకతాయి.

నిన్న దించతా దించతా
తడిబండ మీద కాలు జారింది.
జోలె అటుపోయి ఇటొచ్చి
కిటికీ దాకా ఊగింది.
రెండు చేతులా ఆపుకొని, మంచం మీద దించి
పలక ఎత్తినా.
నొప్పా?
మూసింది.
భయమేసిందా?
మూసింది.

మ.
ళ.
చూపు పైకెక్కి, ఈ దగ్గర ఆగింది.

ఒత్తు నేనే పెట్టుకున్నా.
కొక్కెం ఇంకోసారి చూసుకొని
చైను లాగినా.