అరచెయ్యంత

సోహార్‌లో ఆగస్టు. సముద్రం మీంచి వచ్చే గాలి
తడిగుడ్డలా మొహానికి చుట్టుకుంటుంది.
షెడ్డులో నల్ల ఉక్కు పలక మీద
తుప్పెరగని ఉక్కు పలకని పరుస్తాం.
ఒకటి బరువు మోస్తుంది, ఒకటి ఉప్పునీళ్లకి ఓర్చుకుంటుంది.
రెండూ ఒకటైతే గాని
మంచినీళ్లు తీసే కర్మాగారానికి తొట్టి తయారవదు.

ముందు రెండింటి మొహాలూ గీకాలి,
మెరుపు కళ్లలో పొడిచేదాకా.
గీకిన క్షణం నుంచే గాలి వాటిని పాడుచేస్తుంది, అందుకే తొందర.
అంచులు నాలుగు వైపులా వెల్డింగుతో కుట్టి
సన్న గొట్టంతో లోపలి గాలంతా పీల్చి
ఆ గొట్టం గొంతు నొక్కి
కొలిమిలోకి తోస్తాం.
పన్నెండొందల డిగ్రీల దగ్గర
ఏది ఏదో రంగు చెప్పదు.

జిగురు లేదు, మేకు లేదు.
రోలర్ల నడుమ పదకొండు సార్లు పోయి రావడమే.

కొలిమి దగ్గర దాద్‌కరీం, గ్వాదర్ అవతల ఏదో ఊరు.
లింబాద్రి అనడానికి నోరు తిరగక
"నింబూ" అంటాడు. ఎనిమిదేండ్లుగా నేను నిమ్మకాయనే.
నా పచ్చిపులుసు గ్లాసులో పోసుకొని తాగుతాడు.
వాడి ఎండుచేప వాసన నాకు పడదు.
ఒకే వేడిలో ఎన్నిసార్లు నలిగామో గానీ
అంటుకున్నామా అంటే, ఏమో.

నిన్న పరీక్ష చేసే తురయ్యా
పలకకి నూనె రాసి, చెవికందని శబ్దాన్ని లోపలికి పంపింది.
ఒకచోట అది సగం దారిలోంచే తిరిగొచ్చింది.
సుద్దతో సున్నా చుట్టింది: ఇక్కడ అంటలేదు.
"తడి," అన్నాడు ఫోర్‌మన్. "గీకినవాడి చెమట."

చెమట గురించి ఎన్ని విన్నాను!
మైకుల ముందు అది ముత్యం, అది బంగారం.
ఇక్కడ అది రిపోర్టులో ఒక గడి,
పక్కన ఎర్ర టిక్కు.

ఈ పలక గీకిందెవరు?
కొలిమి వైపే చూస్తూ దాద్‌కరీం "నేనే" అన్నాడు.
వాడు గ్రైండర్ ముట్టి మూడేండ్లు.
అందరికీ తెలుసు. ఫోర్‌మన్ రాసుకున్నాడు.

షిఫ్టు దిగాక ఒక్కణ్ణే వెనక్కి పోయి
సుద్దగీత లోపల అరచెయ్యి పెట్టాను.
సరిగ్గా పట్టింది.

రాత్రి గదిలో, అడగకుండానే,
నా పళ్లెంలో ఎండుచేప వేశాడు.
తిన్నాను. ముల్లు గుచ్చుకుంది.
ఏమీ అనలేదు.