ఏడో అధ్యాయం

బాణసవాడిలో మా వీధి మలుపున
తోపుడుబండి, దాని మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె.
బండి వెనక తిరగేసిన బక్కెట్టు మీద కూచుని
నా నవల చదువుతుంది రెడ్డెమ్మ.
బళ్ళో పేరు రియా. తనే పెట్టుకుంది.

ఐదు దాకా మదనపల్లెలో చదివింది గనక
తెలుగు వస్తుంది,
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ,
ఒత్తుల దగ్గర కాస్త ఆగి.

నాకు నలభై తొమ్మిది.
పగలు జీఎస్టీ లెక్కలు, రాత్రి ఒక పదిహేనేళ్ళ పిల్ల.
దానికి ఫోనిచ్చాను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాను,
మాటల్లో నాలుగు 'బ్రో'లు చల్లాను
ఉప్మాలో జీడిపప్పులా, అక్కడక్కడా కనబడాలని.
పాత చలాన్ల వెనక ప్రింటు తీసి ఇచ్చాను.

మొదటి అధ్యాయం
నా చీరల మడతల్లో తిరిగొచ్చింది, వెచ్చగా.
అంచున పెన్సిల్‌తో:
"ఈ పాప టీవీలో పాప."

బ్రోలన్నీ ఏరేశాను.
నాలుగో అధ్యాయానికి "పర్వాలేదు" అంది.
ఆ రాత్రి రెండోసారి అన్నం వడ్డించుకున్నాను.

ఏడులో
పిల్ల అమ్మ ఒళ్ళో తలపెట్టి జరిగిందంతా చెప్పేస్తుంది.
అమ్మ జుట్టు నిమిరి ఒక మంచి మాట అంటుంది.
నిజానికి ఆ మాట కోసమే
నేను నవల మొదలుపెట్టింది.

కాగితం మీద ఇస్త్రీపెట్టె మొనంత గోధుమరంగు మచ్చ,
సరిగ్గా ఆ మాట మీద.
"చెయ్యి జారింది ఆంటీ."
బొగ్గులు ఊదుతూ, నా వైపు చూడకుండా,
"అయినా ఎవురు చెప్తారు అమ్మకి?
చెప్పాలనుకోని పోయి పక్కన కూచుంటాం.
ఎర్రగడ్డలు తరగమంటుంది.
తరుగుతాం."

నా పద్నాలుగో ఏట
చలికాలమంతా అనపకాయలు ఒలిచాను
మా అమ్మ పక్కన.
నోటిదాకా వచ్చిందాన్ని
గింజలతో పాటు గిన్నెలో వేస్తూ.
అమ్మా అడగలేదు.
ఇంకో దోసెడు కాయలు మాత్రం
నా ముందుకు తోసింది.
ఎలా మర్చిపోయాను ఇన్నేళ్ళు!

ఏడు ఇప్పుడు ఒకటిన్నర పేజీ.
ఎర్రగడ్డలున్నాయి, కత్తిపీట ఉంది. ఒడి లేదు.

ఎనిమిది ఇచ్చి నాలుగు రోజులైంది.
పరీక్షలని వాళ్ళ నాన్న చెప్పాడు.
నిన్న చీరలొచ్చాయి. ఒక్కొక్కటీ విప్పి దులిపాను,
ఇస్త్రీ చెడినా సరే.
కాగితాల్లేవు. నోటుబుక్కులో చింపిన చీటీ ఒకటి:

"ఆ పాపకి తన్వి అని బాగలేదు.
కావాలంటే నా పేరు పెట్టుకో ఆంటీ.
రియా కాదు."