పుల్లర్

ముద్దనూరు నుంచి ఎర్రగుంట్ల దాకా
రోడ్డు మీద నూనె చుక్కలు పెట్టుకుంటా వచ్చింది
ఓబులేసు పాత అంబాసిడర్.
ముందు సీలు పోయింది. ఉంగరమంత రబ్బరు.
దాన్ని చేరాలంటే
పదహారేండ్లుగా క్రాంకు మీద కూర్చున్న హబ్బు లేవాల.

పోయినేడు ఒక జీపు హబ్బుకు
నేను సుత్తితో చెప్పి చూసినా.
అంచు పెళుక్కున ఇరిగింది.
చాంపీరా మామ తిట్టలా.
ఆ ముక్కను నా పానాల డబ్బాలో ఏసినాడు, అంతే.
ఇప్పటికీ పదమూడు పాన కోసం చెయ్యి పెడితే
ముందు అదే తగుల్తాది.

ఈసారి పుల్లర్ ఇచ్చినాడు.
రెండు బోల్టులు హబ్బు బెజ్జాల్లో,
నడిమి స్క్రూ మొన క్రాంకు నెత్తిన.
"పేరుకే లాగేది అబ్బీ. ఇది చేసేదంతా నెట్టడమే.
షాఫ్టును నెట్టేకొద్దీ హబ్బు మనదిక్కు వస్తాది."

తిప్పినా. బిగిసింది.
ఇంకో పావు చుట్టు. నా భుజం గూడా బిగిసింది.
కదల్లా.
"చాలు. టీ తాగొద్దాం రా."
"ఇట్లే వదిలేసా?"
"దాని పని దాన్ని చేసుకోనీ."

నాపరాళ్ల లారీలు టీలో దుమ్ము కలిపి పోతాండాయి.
గ్లాసు సగంలో ఉండంగా
షెడ్డులోంచి
ఠక్.

షెడ్డులో ఎవరూ లేరు.
మామ టీ ఊదుకుంటా
నా దిక్కు చూడనైనా చూడలా.

పోయి చూస్తే గోరు మందం జరిగింది.
మిగతాది చేతికే వచ్చింది, తుప్పు పొడి రాల్చుకుంటా.
గాడిలో అరచందమామ కీ, చిటికెన గోరంత.
ఇన్నేండ్లూ రెంటినీ కలిపి తిప్పింది ఇదేనంట.
జేబులో ఏసుకుని గుండీ పెట్టుకున్నా.

సీలుకు ఇంకా ప్రొద్దుటూరు పోవాల.